నీలం బరకం

సీతంపేట కొండల నుంచి
అక్టోబరు మొదటివారం

ప్రసన్నా,

చేరాను. బస్సులో వాంతులయ్యాయి, అంతకు మించి ఇబ్బందేమీ లేదు. సీతంపేటలో జీపెక్కి, అది ఆగిన చోట దిగి, ఇంకా కొండెక్కాలి. ఊరు మనూరి లాంటిదే. జీడితోటలు ఎక్కువ, చలి తక్కువ. వీళ్ల సవర మాట నాకు రాదు, నా తెలుగు పిల్లలకి సగమే అర్థమవుతుంది. బడిలో టీచర్ని నేనొక్కదాన్నే.

ఇక్కడ ఫోను పలకదు. మనూళ్లోనూ పలకదు. అందుకని ఉత్తరాలే రాసుకుందాం. అయ్య పెదబయలు సంతకి దిగినప్పుడల్లా సురేంద్ర గారి కిరాణా కొట్లో అడగమను. మనూరి ఉత్తరాలు పోస్టుమేన్ అక్కడే ఇచ్చి పోతాడు.

మీ మాస్టారికి పక్క ఊరి బడి కూడా ఇచ్చారని విన్నాను. వారంలో సగం రోజులు నువ్వు ఖాళీగా మేకల వెంట తిరుగుతుంటావు. అలా వద్దు. నేను ఇక్కడ మూడో తరగతికి చెప్పే పాఠాన్నే నీకూ రాస్తాను. పాఠం పేరు ‘వస్తువులు - వాటి గుణాలు’. మనుషులకి ఉన్నట్టే ప్రతి వస్తువుకీ గుణం ఉంటుంది. ఒకటి వంగుతుంది, ఒకటి విరుగుతుంది. ఒకటి నీళ్లు తాగుతుంది, ఒకటి తాగదు. పుస్తకంలో బొమ్మలు చూస్తే అది తెలీదు. ఇంట్లో చూడు. విస్తరి కుట్టే అడ్డాకు, గోనెసంచి, అమ్మ పాత చీర ముక్క, కుండపెంకు, కాయితం, వీటి మీద ఒక్కో చుక్క నీళ్లు వేసి ఏమైందో నాకు రాయి.

అమ్మ చేత నీళ్లు మోయించకు. నెలలు నిండుతున్నాయి.

హేమక్క


మనూరు, పెదబయలు మండలం
అక్టోబరు

అక్కా,

ప్రసన్న రాస్తోంది. నీ ఉత్తరం అయ్య సంత నుంచి తెచ్చాడు. చొక్కా జేబులో పెట్టుకుని మర్చిపోయాడు, అమ్మ ఉతకబోతుంటే దొరికింది. కొంచెం తడిసింది కానీ చదివేను. అంటే కాయితం నీళ్లు తాగుతుంది. నువ్వు చెప్పినట్టు ఇంకో కాయితం మీద కూడా చుక్క వేద్దామని బయట పెట్టేను, దాన్ని మేక తినేసింది.

అడ్డాకు మీద చుక్క పూసలాగ దొర్లి కింద పడిపోయింది. గోనెసంచి తాగేసింది. చీర ముక్క దానికన్నా బేగి తాగేసింది. కుండపెంకు మొదట తాగలేదు, కాసేపటికి చూస్తే చుక్క లేదు, మచ్చ ఉంది. అంటే అది మెల్లగా తాగుతుంది.

నేను ఇవన్నీ చేస్తుంటే అవ్వ చూసి, “నీల్లు పోస్తే గుడ్డ తడుస్తాదని సెప్పడానికి మీ అక్కకి గవర్మెంటు జీతమిస్తన్నాదేటి? ఆ మాట నానూ సెప్తాను, నాకూ ఇయ్యమను” అంది. అమ్మ నవ్వింది. ఈమధ్య అమ్మ నవ్వడం తక్కువ, కాళ్లు వాచేయి.

ఇల్లు కారుతోంది. అయ్యకి పోయినేడాది కాలి మీద గొడ్డలి పడింది కదా, గడ్డి మార్చలేదు. కొండ మీద గడ్డి ముదిరేది పుష్యంలోనే. అప్పటిదాకా ఇంతే అన్నాడు. సరిగ్గా అమ్మ పడుకునే చోటే కారుతోంది. సత్తు గిన్నె పెట్టేము. అమ్మ ఇటు జరిగితే చుక్క కూడా ఇటు జరుగుతోంది. పురుడు ఈ వానలోనే వస్తాదేమో, పసిగుడ్డుని ఎక్కడ పడుకోబెట్టాలి అని అమ్మ అవ్వని అడిగింది. అవ్వ గిన్నెలో నీళ్లు పారబోసి మళ్లీ పెట్టింది.

నాకు ఒకటి అడగాలనుంది. గడ్డి నీళ్లు తాగుతుందా తాగదా? కొత్త గడ్డి వేసినప్పుడు కారలేదు. ఇప్పుడు కారుతోంది. గడ్డి అదే కదా.

ప్రసన్న


సీతంపేట కొండల నుంచి
నవంబరు

ప్రసన్నా,

నీ ప్రశ్న మా పిల్లలకి చదివి వినిపించాను. మూడో తరగతి గుంటడు ఒకడు, “గడ్డి ముసలిదైపోయింది టీచర్” అన్నాడు. వాడు చెప్పిందే సరైన జవాబు.

కొత్త గడ్డిపోచకి పైన నున్నటి తోలు ఉంటుంది. చుక్క దాని మీద పడి జారి కింది పోచ మీదకి పోతుంది, అక్కణ్ణించి ఇంకో పోచ మీదకి, అలా చూరు దాకా జారిపోతుంది. కప్పు ఏటవాలుగా ఉండేది అందుకే. ఎండకీ వానకీ ఆ తోలు పోతే లోపలి మెత్తన బయటపడుతుంది. అప్పుడు జారదు, తాగుతుంది. తాగి తాగి ఇక పట్టనప్పుడు కిందకి వదిలేస్తుంది. వస్తువు గుణం ఎప్పుడూ ఒక్కలాగే ఉండదని రాసుకో. ఇది పుస్తకంలో లేదు.

అడ్డాకు మీద మైనం లాంటిది పలచగా ఉంటుంది, అందుకే పూస దొర్లింది. కుండపెంకులో కంటికి కనపడని చిల్లులుంటాయి. కుండలో నీళ్లు చల్లబడేది ఆ చిల్లుల వల్లే. ప్లాస్టిక్కుకి అలాంటి చిల్లులు లేవు. నీళ్లకి దారే ఉండదు.

నాకు మొదటి జీతం వచ్చింది. సీతంపేటలో ఒక నీలం టార్పాలిన్ బరకం కొన్నాను, పెద్దదే. కొట్టువాడి ముందే దోసిలి పట్టినట్టు పట్టుకుని చెంబుడు నీళ్లు పోసి చూశాను. అడుగున చెయ్యి పెడితే తడి లేదు. వాడు “అంత నమ్మకం లేదేటమ్మా” అన్నాడు. బస్సు పార్సిల్లో పాడేరు పంపిస్తున్నాను. అక్కణ్ణించి సురేంద్ర గారి సరుకుల వ్యానులో పెదబయలు వస్తుంది. అమ్మ పడుకునే వైపు కట్టండి. పురుడు వచ్చేలోగా కట్టెయ్యాలి, అయ్యకి చెప్పు.

ఈసారి పాఠం వేడి గురించి. కాగుతున్న అంబలిలో చెక్క తెడ్డూ స్టీలు గరిటా పెట్టి ఉంచు. కాసేపాగి పిడి పట్టుకో. మెల్లగా పట్టుకో, ఒక్కసారి పట్టుకోకు.

హేమక్క


మనూరు
నవంబరు చివర

అక్కా,

తమ్ముడు పుట్టేడు. చిన్నగా ఉన్నాడు, నా మోచెయ్యంత. ఆశా అక్క అప్పలనర్సమ్మ వచ్చి త్రాసులో వేసి, బరువు చాలదు, వెచ్చగా ఉంచండి అని చెప్పి వెళ్లింది.

బరకం ముందే వచ్చింది. అయ్య దాన్ని ఇంటి మీద కప్పలేదు. “గడ్డి మీద పలాస్టిక్ ఏస్తే గడ్డి కుల్లిపోద్ది, దానికీ ఊపిరాడాల” అన్నాడు. గాలికి ఎగిరిపోతాది కూడానట. అందుకని లోపల కట్టేడు. వాసాల కింద నాలుగు మూలలకీ లాగి, అంచులు గోడల దాకా దించి, వెదురు బద్దలతో బిగించేడు. ఎంత బాగుందో తెలుసా. పడుకుని చూస్తే ఆకాశంలాగ ఉంది. గడ్డిలోంచి కారిన నీళ్లు బరకం మీద పడి జారి గోడవతలకి పోతున్నాయి. ఒక్క చుక్క లోపల పడలేదు. సత్తు గిన్నె తీసేసి మళ్లీ అంబలికి వాడుతున్నాం. వచ్చిన వాళ్లందరికీ అమ్మ తల పైకెత్తి చూపించి, “మా పెద్దగుంట మొదటి జీతంతో పంపింది” అంటోంది.

గరిట పిడి కాలింది. తెడ్డు కాలలేదు. వేలు బొబ్బెక్కింది.

అమ్మ పక్కన నిప్పు ఆరకూడదని అవ్వ పగలూ రాత్రీ మంట పెడుతోంది. బాలింతకి గాలి తగలకూడదని తలుపు వేసే ఉంచుతోంది. చలి బాగా దిగింది, పొద్దున్న పొగమంచులో మేకలు కనపడటం లేదు. లోపల వెచ్చగా ఉంది కానీ కళ్లు మండుతున్నాయి. అక్కా, నేను ఒకటి కనిపెట్టేను. పొగ పైకి పోయి, బరకానికి తగిలి, పక్కలకి పాకి, మళ్లీ కిందకి వస్తోంది. నీళ్లని రానివ్వని వస్తువు పొగని కూడా పోనివ్వదు. ఇది కూడా గుణమే కదా. పాఠంలో రాసుకోనా?

తమ్ముడు తుమ్ముతున్నాడు. నిన్నటి నుంచి చిన్నగా దగ్గుతున్నాడు. పసిపిల్లల దగ్గు పిల్లిపిల్ల దగ్గులా ఉంటుందని నాకు ఇప్పుడే తెలిసింది.

ప్రసన్న


సీతంపేట కొండల నుంచి
డిసెంబరు

ప్రసన్నా,

నీ ఉత్తరం ఈరోజే అందింది. రాసి ఎన్ని రోజులైందో దాని మీద లేదు. ఇక నుంచి తేదీ వెయ్యి.

నువ్వు కనిపెట్టింది నిజమే, రాసుకో. గడ్డికప్పు నీళ్లని జార్చేస్తుంది, పొగని మాత్రం సందుల్లోంచి వదిలేస్తుంది. మనిళ్లకి కిటికీలూ గొట్టాలూ లేకపోయినా ఇన్నాళ్లూ జరిగింది అందుకే. పొద్దున్న ఇళ్ల మీద ఆవిరిలాగ లేచేది అదే. ఇప్పుడు దానికి దారి లేదు.

ఇక్కణ్ణించి అయ్యకి పైకి చదివి వినిపించు.

అయ్యా, పొయ్యి పైన బరకం విప్పెయ్యండి. అమ్మ పక్క మీద మాత్రం ఉంచితే చాలు. అది కూడా చదునుగా కట్టకండి, ఒక వైపు ఎత్తి కట్టండి. నిప్పురవ్వ ఎగిరి తగిలితే అది కరిగి మీద పడుతుంది. తలుపు కనీసం పగలైనా తీసి ఉంచండి. బుడ్డోడి దగ్గు తగ్గకపోతే సంత దాకా ఆగకుండా పెదబయలు ఆసుపత్రికి తీసుకుపోండి. అవ్వకి నేను చెప్పానని చెప్పండి. కోప్పడితే నన్ను తిట్టమనండి.

ప్రసన్నా, నేను సిగ్నలు కోసం కొండెక్కి సురేంద్ర గారికి ఫోను చేశాను. “మీవోళ్లు సంతకొస్తే సెప్తానమ్మా. రాకపోతే నానేటి సెయ్యను, కొట్టొదిలి కొండెక్కలేను కదా” అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఆశా అక్క నంబరుకి చేస్తే స్విచాఫ్ అని వస్తోంది. మళ్లీ చేస్తాను.

వాడు పాలు తాగుతున్నాడా? ఊపిరి ఎలా తీస్తున్నాడు? ఆ రెండూ చూసి రాయి. ఈసారి పాఠం లేదు.

అక్క


మనూరు
డిసెంబరు 13

అక్కా,

తేదీ వేసేను.

నీ ఉత్తరం పైకి చదివేను. అయ్య విన్న వెంటనే లేచి, నిచ్చెన వేసి, ఒక బద్ద విప్పేడు. అమ్మ వద్దంది. “వాన ఇంకా మానలేదు. పసిగుడ్డు మీద చుక్క పడితే ఏటవుతాది? గుంట అంత దూరం నుంచి పంపింది విప్పడానికా?” అంది. నువ్వే విప్పమన్నావని మళ్లీ చదివి చూపించేను. “దానికి అక్కడుండి మన వాన కనబడతాదేటి” అంది. అయ్య నిచ్చెన మీదే కాసేపు నిలబడ్డాడు. తర్వాత బద్ద మళ్లీ కట్టేసి దిగిపోయాడు.

తలుపు మాత్రం పగలు తీస్తున్నాం. అవ్వ ఒప్పుకోలేదు, అయినా అయ్య తీసేడు.

మొన్న అందరూ చోళ్లు నూర్చడానికి కళ్లానికి పోయినప్పుడు నేను అటకెక్కి పొయ్యి పైన కొడవలి మొనతో చిన్న చిల్లు పెట్టేను. పొగ అంతా ఆ చిల్లు దగ్గరికే పోయింది. ఎవరో పిలిచినట్టు వరసగా పోయింది. ఇల్లు కొంచెం తేటగా అయింది. అయ్య వచ్చి చూసేడు. కొట్టలేదు. “అక్క సొమ్ము, అలా సింపీకూడదు” అని, గోనెలు కుట్టే సూదితో కుట్టేసి, దాని మీద మైనం రాసేడు.

తమ్ముడు పాలు సరిగ్గా తాగడం లేదు. పట్టుకుంటాడు, వదిలేస్తాడు. ఊపిరి తీసినప్పుడు డొక్కల కింద గుంట పడుతోంది, మేకపిల్ల పరిగెత్తి వచ్చినప్పుడు పడినట్టు. కానీ వీడు పరిగెత్తలేదు, పడుకునే ఉన్నాడు. ఆశా అక్క వచ్చి, ఇది నిమ్ము, కిందకి దించండి అంది. పురుడు కడగకుండా బాలింత గడప దాటకూడదని అవ్వ అంది. సంత రోజున జీపు వస్తుంది, ఆరోజు దించుతామని అయ్య అన్నాడు.

ప్రసన్న


సీతంపేట కొండల నుంచి
డిసెంబరు 20

ప్రసన్నా,

సంత రోజు దాకా ఆగొద్దు. ఈ ఉత్తరం అందిన వెంటనే బయల్దేరమను. జీపు లేకపోతే మోసుకుపొమ్మను. అమ్మ కాళ్లు పట్టుకుంటున్నానని చెప్పు.

ఇది మీకు ఎప్పుడు అందుతుందో నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. సెలవు అడిగాను. ఇస్తే నేనే వస్తాను.

అక్క


మనూరు
డిసెంబరు 19

అక్కా,

తమ్ముడు లేడు.

సంత రోజు పొద్దున్నే బయల్దేరేము. అమ్మ వాడిని కొంగులో చుట్టుకుంది. ఆశా అక్కా నేనూ కూడా వెళ్లేం. వాన కొంచెం పడుతోంది. గెడ్డలో నీళ్లు దాటి జీపు దగ్గరికి వచ్చేదాకా మూలుగుతూనే ఉన్నాడు. జీపు బయల్దేరేక కొంచెం దూరానికి ఆశా అక్క కొంగు తీసి, వాడి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. డ్రైవరుతో, “ఇంక మెల్లగా పోనీ” అంది. అమ్మకి అర్థమైపోయింది.

పెదబయల్లో ఆసుపత్రిలో కూడా చూసేరు. అదే జీపులో తిరిగి వచ్చేసేము. జీపులో సంత సరుకు వాళ్లు ఉన్నారు. మాకు చోటిచ్చి వెనక్కి జరిగేరు.

ఊరి పూజలు చేసే దిసారి వచ్చి గెడ్డ దగ్గర ఏదో సోకిందన్నాడు. అవ్వ అది నమ్మలేదు. తలుపు తీశారు, చలిగాలి తగిలింది, అందుకే పోయాడు, ఉత్తరంలో రాసిందని తీశారు అంటోంది. ఇప్పుడు తలుపు పగలు కూడా వేసే ఉంచుతున్నారు. అమ్మ నిప్పు దగ్గరే పడుకుంటోంది. అవ్వకీ దగ్గు పట్టుకుంది.

నువ్వు పాఠం లేదన్నావు కదా. నేను కూడా ఏమీ చూడటం లేదు.

ప్రసన్న


సీతంపేట కొండల నుంచి
జనవరి 11

ప్రసన్నా,

తిరిగి వచ్చి బడిలో చేరాను. సెలవు దొరికితే మనూరు వచ్చి రెండు రోజులే ఉన్నాను. అమ్మ అన్నం పెట్టింది, తిన్నాను, వచ్చేశాను. నేను బయల్దేరినప్పుడు గెడ్డ దాకా నువ్వు వచ్చి ఏదో అడగబోయి మానేశావు.

ఒక పని ఉండి రాస్తున్నాను. వచ్చినప్పుడు అడగడం మర్చిపోయాను. ఇది అమ్మకి చదివి వినిపించు.

అమ్మా, ఇక్కడ బడికి రేకుల కప్పు. రాత్రి చలికి రేకు చల్లబడుతుంది. తెల్లారేసరికి లోపల తడి పట్టి, పిల్లల పుస్తకాల మీద చుక్కలు పడుతున్నాయి. ఇక్కడ బరకం దొరకడం లేదు. నేను పంపిన నీలం బరకం మీకు ఇప్పుడు అంత అవసరం ఉండదు, వానలు కూడా పోయాయి. అది విప్పి నాకు పంపించు. పిల్లలు తడుస్తున్నారు. అయ్య కొత్త గడ్డి ఎలాగూ వేస్తాడు కదా. ఆలస్యం చెయ్యకు, ఈ సంతకే పంపు.

ప్రసన్నా, అమ్మ వద్దంటే, నేను కష్టపడుతున్నానని చెప్పు. పిల్లల కోసమంటే ఇస్తుంది. విప్పిన రోజు ఎలా ఉందో నాకు రాయి. ఇంకేమీ రాయకపోయినా ఫర్వాలేదు.

అక్క


మనూరు
జనవరి 24

అక్కా,

బరకం విప్పేసేం.

నీ ఉత్తరం చదివితే అమ్మ, “అయితే ఇచ్చెయ్యాల, ఆలెవరి పిల్లలైతే ఏటి” అంది. అయ్య కొడవలితో కట్లు కోసేడు. అది కిందపడినప్పుడు ఇల్లంతా మసి రాలింది. కింది వైపు నీలం లేదు. నల్లగా, జిగటగా, తారు పూసినట్టు ఉంది. అమ్మ గెడ్డకి తీసుకుపోయి బూడిదేసి ఉతికింది. నేను రెండో కొస పట్టుకున్నాను. ఎంత తోమినా పూర్తిగా పోలేదు. అమ్మ చేతులకి అంటిన మసి చూసుకుంది, మళ్లీ బరకం వైపు చూసింది, మళ్లీ చేతులు చూసుకుంది. ఆరాక మడతపెట్టి, తాడు కట్టి, సురేంద్ర గారి వ్యానుకి ఇమ్మని అయ్యకి ఇచ్చింది.

ఆ సాయంత్రం పొగ గడ్డిలోంచి పోయింది. అవ్వ ఇంకా దగ్గుతోంది కానీ తక్కువ. అయ్య గడ్డి కోస్తున్నాడు, ఇంకో వారంలో ఇంటి కప్పు నేస్తారు.

నువ్వు వచ్చినప్పుడు అన్నం తింటూ పైకే చూస్తున్నావు. నువ్వు చూస్తుంటే నేను కూడా పైకి చూసేను. అమ్మ మనిద్దరినీ చూసి, “ఏటి సూత్తన్నారు, కూడు తినండి” అంది.

మీ బడికి బరకం కావాలంటే పైనుంచి కప్పు. లోపల కట్టకు. నువ్వు బరకం ఎందుకు అడిగావో అమ్మకి నేను చెప్పలేదు. నువ్వు కూడా చెప్పకు.

ప్రసన్న